గుండె వయసు సరిచేసిన అక్కయ్యగారు

1990 జూలై 9వ తేదీన మా ఆసుపత్రి హృద్రోగ విభాగంలో ఈసీజీ టెక్నీషియన్‌గా చేరి, ఈరోజు పదవీ విరమణ చేస్తున్న, మేమంతా అక్కయ్యగారని పిలుచుకునే పెద్దావిడ గురించి నాలుగు మాటలు చెప్పే భాగ్యం, అదే విభాగంలో వైద్యురాలినైన నాకు దక్కింది. ఆవిడకు పొగడ్తలంటే గిట్టదు. కనుక ముందుగానే క్షమాపణ కోరి, ఆపైన నిస్సంకోచంగా పొగుడుతాను.

ఛాతీకి తగిలించే బిళ్లలు చల్లగా ఉంటాయని, వాటిని అరచేతుల్లో కాసేపు వెచ్చబరచడం ఆవిడ అలవాటు. మేము తొందరపెడితే, "మీ ఛాతీ మీద పెట్టి చూపించమంటారా అమ్మా?" అని నోరు మూయించేవారు. విభాగ పర్యవేక్షకురాలిగా ఎదిగాక కూడా ఆ అలవాటు మానలేదు.

కొన్నేళ్ల క్రితం, ఈసీజీలోని అలల తీరునూ వాటి మధ్య వ్యవధినీ కొలిచి గుండె అసలు వయసును అంచనా వేసే కంప్యూటర్ పరిశోధన మా విభాగంలో మొదలైంది. ఆ పరీక్షకు ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. మనిషికి నలభై రెండేళ్లు. గుండెకు అరవై ఏడని తెర మీద కనిపించింది. అతను నిలువునా నీరుగారిపోయి, ఇంటికి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆ ఈసీజీని మళ్లీ చూస్తూ అక్కయ్యగారు ఉలిక్కిపడ్డారు. పరీక్షప్పుడు బెదురుతున్న అతనికి కబుర్లు చెబుతూ, కుడిచేతి తీగను ఎడమచేతికి, ఎడమచేతిదాన్ని కుడిచేతికి తగిలించేశారు. అలలు తలకిందులై, యంత్రం లెక్క తప్పింది.

"ఫోన్ చేసి చెబుదాం" అన్నాను.

"భయపెట్టింది ఎదురుగా ఉండి, ధైర్యం చెప్పేది ఫోన్లోనా?" అంటూ నన్నూ వెంటబెట్టుకుని బయలుదేరారు.

మేము ఇంటికి వెళ్లేసరికి అతను కరెంటు బిల్లు ఎలా కట్టాలో భార్యకు నేర్పుతున్నాడు. ఆమె ఏడుస్తూ వింటోంది.

"తప్పు నాది నాయనా. తీగలు అటుదిటు పెట్టాను. ఆ లెక్క నమ్మకు. పొద్దున్నే రా, మళ్లీ తీస్తాను" అన్నారు అక్కయ్యగారు.

మర్నాడు నలభై నాలుగని వచ్చింది. "ఆ రెండేళ్లు మాత్రం నా తప్పు కాదు. సిగరెట్లు మానెయ్యి!" అని చివాట్లు పెట్టి పంపారు.

నాటినుంచి మా గదిలో మీట నొక్కేముందు "కుడి, ఎడమ" అని పైకి చెప్పుకోవడం ఆనవాయితీ అయింది. తన పొరపాటును కొత్తవారికి తానే చెప్పి మరీ ఆ పద్ధతి నేర్పారావిడ.

అక్కయ్యగారూ, రేపటినుంచి మీరు పక్క గదిలో ఉండరంటే నాకు దిగులుగా ఉంది. ఈ సభ ముగిశాక మిమ్మల్నీ బావగారినీ ఇంటికి దింపేది తానేనని ఆ డ్రైవరు పొద్దుటినుంచీ గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. పక్కన భార్య కూడా ఉంది. వారిద్దరితోపాటు మేమందరం మనసారా కోరుకుంటున్నాం: మీరు సంపూర్ణ ఆరోగ్యంతో, మీవాళ్ల మధ్య, నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి.