నిద్రపోయే డాల్ఫిన్లు

మర్సా ఆలం తీరంలో, పగడపు దిబ్బ చాటున డాల్ఫిన్లు పగటిపూట పడుకుంటాయి. వాటితో ఈదడానికి వచ్చినవాళ్ళు నీళ్ళలో ఉండగానే మా తమ్ముడూ మా మేనల్లుడూ పడవలో తగువు పడ్డారు. నేను పక్క పడవలో ఉండి విన్నాను.

"తెడ్డుతో పడవని ఎందుకు బాదావురా?"

"వలలోకి చేపల్ని తోలడానికి మనం బాదమా, మామా?"

"అవి చేపలురా! ఇవి రాత్రంతా వేటాడొచ్చి పడుకున్నాయి. వాటంతట అవి దగ్గరికొస్తేనే చూడాలి. అవి పడుకునే చోటుకి అడ్డంగా తాడు కట్టింది ఎవరూ దాటొద్దనేగా?"

"నేను దాటానా? పొద్దుట్నుంచీ పాపం వాళ్ళు నీళ్ళలో నానుతున్నారు. ఒక్కటీ రాలేదు. ఆ లావుపాటాయన 'ఇవి బతికే ఉన్నాయా' అని అడిగాడు!"

"నిన్ను నిద్రలో లేపితే మీ అమ్మనే తిడతావు కదరా!"

"అటు చూడు, ఎంతెత్తు ఎగురుతున్నాయో! అందరూ చప్పట్లు కొడుతున్నారు."

"నీ మొహం! పారిపోతున్నాయిరా. అదిగో, పిల్లతల్లి కూడా దిబ్బ దాటేసింది. బయటంతా సొరచేపలే."

"రేపొస్తాయిలే."

"అవతలి దిబ్బకి వచ్చాయా మళ్ళీ? అక్కడా ఇలాగే బాదారు."

"ఉండు మామా, నీళ్ళలోవాళ్ళు ఏదో అరుస్తున్నారు."

"ఏమంటున్నారు వాళ్ళు?"

"ఇంకోసారి కొట్టమంటున్నారు, మామా."

"కొట్టు మరి. లేవడానికి దిబ్బ చాటున ఇంకేదైనా మిగిలుంటే లేస్తుంది."