ముందు వేలు, తర్వాత మాట

విశాఖపట్నం, 1996. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుల గది. అవయవదానం కొత్త చట్టం నేర్పడానికి వచ్చిన అనూరాధ, హెడ్ నర్సు సూర్యకళ, చనిపోయిన కుర్రాడి తల్లిగా నటించమంటే వచ్చి కూర్చున్న ఆయా పోతమ్మ.

"ఆగండి సూర్యకళగారూ! మళ్ళీ పోతమ్మ వేలు పట్టేసుకున్నారు."

"అలవాటండీ అనూరాధగారూ. చెయ్యి దానంతటదే పోతోంది."

"ఇది నాలుగోసారి! ముందు మాట, తర్వాత వేలు. మీరేమో ముందు వేలు, తర్వాత మాట. అదీ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు."

"ఇరవై ఏళ్ళ సర్వీసండీ నాది. ఏడుస్తున్నవాళ్ళ ముందు కాయితం చదువుతూ కూర్చుంటే ఐసీయూలో పనెవరు చేస్తారు? వేలికి సిరా పూశామా, నొక్కించామా, అయిపోయిందా."

"అలా నొక్కించిన కాగితం ఇప్పుడు చెల్లదు. కేసవుతుంది. మీకే రాకపోతే రేపు మీ నర్సులకేం నేర్పుతారు? పోతమ్మా, నువ్వయినా వేలెందుకిచ్చేశావు?"

"సిస్టరమ్మ అడిగితే ఇవ్వనా ఏటి? నాకీ ఆయా పని ఇప్పించింది ఆవిడే కదా. మా పైడయ్య పోయినప్పుడు..."

"ఆ సంగతి ఇప్పుడెందుకు పోతమ్మా? కానిద్దామండీ, నాకు డ్యూటీ టైమవుతోంది."

"పోతమ్మా, విను. అర్థం కానిది అడగాలి. ఇష్టం లేకపోతే వద్దనాలి."

"వద్దనొచ్చా?"

"నిక్షేపంగా అనొచ్చు."

"డాట్రుబాబులు కోప్పడరా?"

"పడకూడదు. సూర్యకళగారూ, మొదట్నుంచి."

"అమ్మా, మీ అబ్బాయికి... కొంచెం సీరియస్‌గా..."

"సీరియస్ కాదండీ బాబూ! చనిపోయాడనండి."

"గుండె కొట్టుకుంటుంటే ఆ మాట నోటికెలా వస్తుందండీ?"

"ఆ మాట రాకుండా వేలెలా అడుగుతారండీ? మెదడు చనిపోయింది. గాలి ఆడిస్తున్నది మెషీను. డాక్టర్లు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేశారు. ఉన్నదున్నట్టు చెప్పండి."

"సరే. అమ్మా, మీ అబ్బాయి చనిపోయాడు. డాక్టర్లు రెండుసార్లు చూశారు. మీకిష్టమైతే అతని కిడ్నీలు, కళ్ళు వేరేవాళ్ళకి ఇవ్వొచ్చు. ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చు. మిమ్మల్నెవరూ ఏమీ అనరు."

"హమ్మయ్య! చూశారా, వచ్చింది. పోతమ్మా, ఇప్పుడు నువ్వడుగు."

"కళ్ళు తీసేత్తే మొకం ఎలాగుంటాదమ్మా? బొక్కలు కనపడతాయేటి?"

"కనపడవు. లోపల దూది పెట్టి రెప్పలు మూసేస్తారు. చూసేవాళ్ళకి తెలీదు."

"దూదా?"

"అవును. ఇంకా అడుగు."





"తానం సేయిత్తన్నప్పుడు రెప్ప కింద దూది కనిపించింది."

"ఎవరికి?"

"మా పైడయ్యకమ్మా, నా కొడుక్కి. ఫిషింగ్ హార్బర్లో బోటు మీదనించి జారి పడిపోనాడు. దెబ్బ తల ఎనకాల. కళ్ళకేటీ అవనేదు."

"అనూరాధగారూ, ఇంకొకర్ని పిలుద్దాం. పోతమ్మ పొద్దుట్నుంచీ డ్యూటీలో ఉంది, అలిసిపోయింది."

"ఉండండి. పోతమ్మా, అప్పుడు నీచేత ఏదైనా కాగితం మీద వేలు వేయించారా?"

"ఏయించినారు. ఆపరేషన్ కాయితమన్నారు."

"ఎవరు?"

"ఆరేళ్ళనాటి సంగతండీ అది. అప్పుడీ చట్టాలెక్కడివి? పైవాళ్ళు కాయితం చేతిలో పెడితే మేం..."

"నేను పోతమ్మనడిగానండీ."

"ఈ సిస్టరమ్మేనమ్మా. నా సెయ్యట్టుకుంటే దైర్నం సెప్తన్నాదనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ సేతికే దండం ఎట్టుకుంటన్నాను."