గుర్రం చెవి

1819 మార్చిలో ఒక మధ్యాహ్నం పన్నెండింటికి, ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ గుర్రపుశాలలో అంటురోగం సోకిన గుర్రాన్ని కాల్చి చంపారు. అంతకు గంట ముందు దాన్ని సాకిన గుర్రపువాడు, దాని బొమ్మ వేస్తున్న దొర పక్కన నిలబడి ఉన్నాడు.

“కారే ముక్కు కూడా వేస్తారా దొరా? బొమ్మలోనైనా కాస్త తుడవొచ్చుగా.”

“ఉన్నదే వేస్తాను. చెవి ఇటు తిప్పిందేం?”

“నేనిటున్నాగా. పదేళ్లుగా అంతే. నేనెటుంటే అటే.”

“అయితే కదలకు.”

“పన్నెండింటికి తుపాకీ తెస్తారు. నేనుండలేను.”

“నువ్వుంటే అది బెదరదు.”

“యుద్ధంలో రష్యా మంచులోంచి నన్ను మోసుకొచ్చింది దొరా. దాని ఎదుట నిలబడి ఎట్టా చూడమంటారు?”

“వెళ్తే నిన్ను వెతుక్కుంటుంది.”

గుర్రపువాడు దాని మెడ నిమిరి తలుపు దాటి బయటికి నడిచాడు.

దొర చివరగా చెవి వేశాడు. బొమ్మలో అది తలుపు వైపు తిరిగి ఉంది.