కుంగని బండి

ఆదోని బైపాస్ పక్కన షెడ్డులో ఓ పికప్పు బండి దిమ్మెల మీద నిలబడి ఉంది. పది రోజుల కింద మిరప కోత కూలీలతో గుంటూరు దారిలో పోతూ, వెనక యాక్సిల్ విరిగి బోల్తా పడింది. ఓనరూ మెకానిక్కూ ఆ విరిగిన ముక్కల పక్కనే కూర్చున్నారు.

"ఇంతకన్నా లావు యాక్సిల్ ఒకటి దొరికిందప్పా. అది ఏస్తే నలభై మందినైనా మోస్తాది" అన్నాడు మెకానిక్కు.

"వద్దన్నా. కంపెనీ సైజుదే ఎయ్యి. పోయినేడు ఎనక చక్రాల కాడ కమాన్ స్ప్రింగు పట్టీలు రెండు ఎక్కువ ఏసినావు చూడు, అవి గూడా తీసెయ్యి."

"తీసేస్తే పదైదు మందికే ఎనక కుంగుతాదే?"

"కుంగనీ."

"కుంగకుండా చెయ్యమని నా పానం తీసింది నువ్వే కదప్పా!"

"నేనే."

"కూలీల్లో ఆ తిమ్మక్కకు ఎట్లుండాది?"

"కర్నూలు ఆస్పత్రిలోనే ఉండాది. మోకాలి కాడికి కాలు తీసేసినారు. నిన్న పోతే, 'బండి బాగైందా నాయనా?' అని నన్నే అడిగె."

"అయ్యో."

"ఆ పొద్దు ఆయమ్మ మూట పట్టుకోని కిందనే నిలబడె. 'బరువైతాదేమో, రేపు బస్సుకు వస్తాలే' అనె. నేను వంగి చూస్తి. బండి ఏలెడంత గూడా కుంగల్యా. 'ఎక్కుక్కా, ఏం కాదు' అంటి."

"పట్టీలు ఎన్ని ఏసినా యాక్సిల్‌కు బలం రాదప్పా. నాకు తెల్సు. నీకు చెప్పల్యా."

"ఎందుకు చెప్పల్యా?"

"చెప్తే పక్క షెడ్డుకు పోతావని."

ఓనరు విరిగిన యాక్సిల్ ముక్కను పక్కకు జరిపాడు.

"పోయుంటాలేన్నా" అన్నాడు.