ఏడువందల పద్నాలుగో మైనం బిళ్ళ

నా రిటైర్మెంట్ సభకు పెద్దగ కూసున్న మా సూపరింటెండెంట్ విద్యాధర్ సారుకు, క్యాన్సర్ ముక్కలు సూసి రోగం చెప్పే అలేఖ్య మేడమ్‌కు, ముప్పై ఏండ్లు నా పక్క టేబుల్ మీద పనిచేసిన ఓంప్రకాశ్ భాయ్‌కి, సిస్టర్లకు, కరీంనగర్ ఎండకు ఓర్సి వచ్చిన సుట్టాలకు, నేను నోరు తెరవకముందే సమోసలు ఖాళీ చేసిన ఎనుక వరుసోళ్ళకు దశరథం శనార్థులు. (నవ్వులు)

సారు ఇందాక నన్ను మస్తు పొగిడిండు. నేను గింత మంచోన్నని ముందే తెలిస్తే లీవు అడిగినప్పుడల్లా గంతగనం భయపడకపోతుంటి.

నేనేం పని చేస్తనో మా లక్సెట్టిపేటోళ్ళకు ఇప్పటికీ తెల్వది. ఆపరేషన్ల తీసిన ముక్కను మైనంల పెట్టి బిళ్ళ చేసి, ఉల్లిపొరకన్న సన్నగ కోసి అద్దం మీద పెడితే మేడం సూస్తది. బిళ్ళ పదేండ్లు బీరువాల ఉంటది, తర్వాత పారేస్తం.

పదిహేనేండ్ల కింద నా భార్య పద్మలత పేగు క్యాన్సర్ ముక్క గూడ నా టేబుల్ మీదికే వచ్చింది, బిళ్ళ నంబరు ఏడువందల పద్నాలుగు. ఆపరేషన్‌కు పోయేముందే అడిగింది, "నాది గూడ నువ్వే కోస్తవా?" అని. "నేనే" అన్న. "జర సక్కగ కొయ్యి, ఇంట్ల బెండకాయలు కోసినట్టు కాదు" అన్నది. (నవ్వులు) నవ్వుండ్రి, ఆమె గూడ నవ్వింది. ఇంకో ఏడాదిన్నర బతికింది. రోజూ ఒకటే మాట: "నాకే ఎందుకొచ్చిందయ్యా? నేనేం తిన్న?"

ఈ మధ్య మేడం కె-రాస్ అనే జన్యువు సంగతి చెప్పింది. అది తయారుచేసే ప్రోటీను బహు చిన్నదట, పెరుగుమనే కబురు కణంల ముందుకు పంపే స్విచ్చు అసొంటిదట. నాకు మా బాయికాడి ఆటోస్టార్టర్ యాదికొచ్చింది. కరెంటు రాంగనే మోటరు చాలైతది. బందు కాకపోతే మడి నిండి నీళ్ళు పక్కోని చేన్ల వడ్తయి. జన్యువుల ఒక్క అక్షరం మారితే గా స్విచ్చు బందు కాదట, కణం పెరుగుతనే ఉంటదట.

ఆ పరిశోధనకు, పారేయంగ మిగిలిన పాత పేగు బిళ్ళలు కావాలన్నది మేడం. రిజిస్టర్ల పారేసినట్టు లేదు, ఏడువందల పద్నాలుగు ఏదని మూడుసార్లు అడిగింది. మూడుసార్లు "దొరకలే మేడం" అన్న.

అబద్ధం. పారేసే ఏడు రాంగనే దాన్ని తీసి నా సొరుగుల పెట్టుకున్న. పొద్దుగాల సొరుగు తీసి "వచ్చిన" అంటుంటి, సాయంత్రం "పోదామా" అంటుంటి. ఓంప్రకాశ్ భాయ్, నేను ఫోన్ల మాట్లాడుతున్న అనుకున్నవు గదా? పరీక్షకు కోస్తే తరిగిపోతది సారూ. ఆమెది నా దగ్గర మిగిలింది గంతే, బొటనవేలు గోరంత.

నిన్న సొరుగు ఖాళీ చేస్తుంటే ఆమె అడిగిన మాటే చెవుల పడ్డది. ఎందుకొచ్చిందో ఈ పరీక్ష చెప్పదట, ఏ స్విచ్చు బందు కాలేదో చెప్తదట. సగం జవాబు. నేను గా సగం గూడ ఇయ్యలే.

మేడం, ఇగో. (జేబుల నుంచి బిళ్ళ తీసి అలేఖ్య మేడం చేతిల పెట్టి) రిజల్ట్ రాంగనే ఒక్క ఫోను చెయ్యుండ్రి, ఇంట్ల ఆమె ఫొటో ముంగట చెప్పుకుంట. భాయ్, ఇగ కోసేది నువ్వే. జర సక్కగ కొయ్యి. బెండకాయ కాదు.

ఇన్నేండ్లు నన్ను ఓర్సుకున్నందుకు, ఇయ్యాల నా అబద్ధం గూడ ఓపికగ విన్నందుకు మీకందరికి దండాలు. "పోదామా" అందామంటే ఇగ సొరుగుల ఎవరు లేరు. ఒక్కన్నే పోతున్న. సెలవు.