టూవా దగ్గు

పశ్చిమ నార్వేలో ఓ పిల్లల క్లినిక్కు. డాక్టర్ సిన్నొవె, ఏడేళ్ల టూవా, తల్లి మారిత్.

"నవ్వకు టూవా, ముక్కులో గొట్టం జారిపోతుంది."

"చక్కిలిగిలి పెడుతోంది డాక్టర్!"

"ఇంకొక్కసారే. గుండెల నిండా పీల్చి, ఈ స్ట్రాలోంచి మెల్లగా ఊదు. ఊదు, ఊదు... అయిపోయింది."

"ఎన్నొచ్చాయి? ఎక్కువేనా?"

"బాగా ఊదావు. బయట చేపల తొట్టి ఉంది, చూసిరా పో. అమ్మతో మాట్లాడాలి."

"నా మార్కులు చెప్పరేం?"

"టూవా, చెప్పింది విను."

"సర్లే అమ్మా."

"కూర్చోండి మారిత్ గారూ."

"తక్కువొచ్చింది కదూ? మీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

"ముక్కులో ఒక వాయువు తయారవుతుంది, ఊపిరితో బయటికొస్తుంది. ఈ వయసుకి వందల్లో ఉండాలి. పోయిన నెలా తొమ్మిదే, ఇవాళా తొమ్మిదే."

"అంటే?"

"ఊపిరి దారుల్లో సన్నటి నూగు ఉంటుంది. కఫాన్ని పైకి తోసేది అదే. టూవాకి ఆ నూగు కదలడం లేదనిపిస్తోంది. ఇంకో రెండు పరీక్షలు చేసి ఖాయం చేస్తాం. పుట్టుకతో వచ్చేదే."

"పుట్టుకతోనా? కాదు కాదు. పొగ వల్ల. వాళ్ల నాన్న సిగరెట్ల వల్ల."

"పొగ ఈ జబ్బుని పెంచుతుంది గానీ తెచ్చిపెట్టదు. పుట్టిన రోజే ఊపిరాడక అల్లాడిందన్నారుగా?"

"అప్పుడూ కాల్చేవాడు."

"మారిత్ గారూ, ఇది తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుంది. ఎవరి తప్పూ లేదు. ఆయన రక్తం కూడా చూస్తే మంచిది. ఎప్పుడు రాగలరు?"

"రాలేడు."

"చేపల వేటకెళ్లారా?"

"లేదు."

"విడిపోయారా?"

"విడిపోలేదు... సిగరెట్లు మానేశానన్నాడు. దీని దగ్గేమో తగ్గలేదు. అబద్ధాలాడుతున్నావన్నాను. చొక్కాలు వాసన చూసేదాన్ని. బిడ్డ బతకాలంటే ఇంట్లో ఉండకు, పో అన్నాను. పడవల కొట్టంలో పడుకునేవాడు. ఫిబ్రవరి చలి. అక్కడి పొయ్యి..."

"పొయ్యి?"

"పొయ్యి పొగ లోపలే నిండిపోయింది. పొద్దున తలుపు తీసింది నేనే."

"అయ్యో..."

"మానేశాడేమో కదా డాక్టర్? నిజంగానే మానేశాడేమో."

"అది నేను చెప్పలేను. మానేసినా ఈ దగ్గు మాత్రం పోయేది కాదు."

"పోయేది కాదా?"

"కాదు. టూవాకి నేను చెప్పనా?"

"వద్దు. నేనే చెప్పాలి. నాన్న పొగే నీ దగ్గు అని దానికి నేర్పింది నేను. ఆయన శవపెట్టెని గోతిలోకి దించుతుంటే, 'ఇంక నా దగ్గు పోతుంది కదమ్మా?' అని అడిగింది. అవునన్నాను."