వరుస తెగని లాగ్‌లు: తహసీన్ గారి ఉద్యోగ జీవితం

1993 జూన్ 14 ఉదయం తహసీన్ గారు నరసరావుపేటలోని మన మిర్చి శీతల గిడ్డంగిలో టైపిస్టుగా చేరారు. కంప్యూటర్లు వచ్చాక శిక్షణ పొంది, డేటాబేస్ బాధ్యత స్వీకరించారు. ఈ నెలాఖరున ఆ విభాగాధికారిగా పదవీ విరమణ చేస్తున్నారు.

రైతు చేతిలో రసీదు ఉన్నా, అతని బస్తాలు ఏ గదిలో, ఏ అరలో ఉన్నాయో చెప్పవలసింది కంప్యూటర్‌లోని వివరాల పట్టిక, అంటే డేటాబేసే. అందులోని ప్రతి మార్పూ లాగ్ ఫైలులో నమోదవుతుంది. ఫైలు నిండితే అదే సర్వర్‌లోని ఆర్కైవ్‌కు, అంటే పాత లాగ్‌ల నిల్వకు, చేరుతుంది. డేటాబేస్ పాడైతే చివరిసారి తీసిన పూర్తి నకలును, అంటే బ్యాకప్‌ను, తెచ్చి, ఆ తర్వాతి లాగ్‌లను వరుసగా ఎక్కించాలి. నడుమ ఒక్కటి లేకపోయినా పని అక్కడితో ఆగుతుంది. అందుకే ఏ లాగ్‌నైనా వేరే డిస్కులోకి నకలు తీసి, మూలనున్న పాత కంప్యూటర్‌లో ఎక్కించి చూశాకే సర్వర్ నుంచి తొలగించడం తహసీన్ గారి పద్ధతి.

మూడేళ్ల కిందట మార్చిలో, మిర్చి వచ్చిపడే రోజుల్లో, లాగ్‌లతో డిస్కు నిండి సర్వర్ ఆగిపోయింది. గేటు పాసులు రాలేదు. లారీలు రోడ్డు దాకా నిలిచాయి. మేనేజర్ వెంకట్రామయ్య గారు ఆమె గదిలోకి వచ్చారు.

"ఏందమ్మా ఇది? ఆ పాత ఫైళ్లు తీసిపారేయ్."

"నకలు సరిచూసి తీసేస్తాను సార్."

"ఈలోపు రైతులు నన్ను తీసేస్తారు!"

కిటికీ అవతల బెల్లంకొండ రైతు చలమయ్య గారు నిలబడి ఉన్నారు. "కల్లంలో ఎండబెట్టే తెచ్చాం గదమ్మాయ్. మళ్లీ నీ గేటు కాడ ఎండబెట్టాలా?"

"కాసేపు ఓర్చుకో బాబాయ్. రేపు నీ బస్తాలు ఏడున్నయ్యో తెలీకపోతే నన్నే తిడతావు."

"ఇప్పుడూ తిడతన్నాగా!"

ఆమె పని వరుస మాత్రం మార్చలేదు. మధ్యాహ్నానికి లారీలు కదిలాయి.

ఆ వారంలోనే సర్వర్ డిస్కు కాలిపోయింది. చేతిలో ఉన్న బ్యాకప్ అంతకుముందు ఆదివారానిది. ఆ తర్వాతి లాగ్‌లలో సగం, వెంకట్రామయ్య గారు తీసిపారేయమన్నవే. తహసీన్ గారు నకళ్లను వరుసగా ఎక్కించారు. నకలు తీయని చివరి లాగ్‌తో రెండు లారీల వివరాలు పోయాయి. వాటిని రసీదులు చూసి నింపారు. చలమయ్య గారి బస్తాలు మూడో గదిలో ఉన్నట్టు తేలింది. మర్నాడు వెంకట్రామయ్య గారు ఆమె పద్ధతినే ఉత్తర్వుగా జారీ చేశారు.

ఇకపై ఆమెకు ఆరోగ్యం నిలకడగా ఉండాలనీ, మనవలు పెద్దవాళ్లయి స్థిరపడడం ఆమె కళ్లారా చూడాలనీ సహోద్యోగులందరి ఆకాంక్ష.

ఆమె స్థానంలోకి అర్చన గారు వస్తున్నారు. బాధ్యతలు అప్పగించే ముందు, నిన్న తహసీన్ గారు పాత కంప్యూటర్ ముందు అర్చన గారిని కూర్చోబెట్టి, బ్యాకప్‌నూ లాగ్‌లనూ ఎక్కించి చూపమన్నారు. చివరి లాగ్ ఎక్కింది. తహసీన్ గారు అప్పగింత పత్రంపై సంతకం చేశారు.